వైరల్ వార్తల నిజానిజాలు తేల్చడం నేర్చుకోవడానికి హైదరాబాద్ వర్క్‌షాపా, ఆన్‌లైన్ కోర్సా? నల్గొండ, పాలమూరు వెబ్ విలేకరులకు ఏది మేలు

ఖర్చు: రెండు పట్టణాల నుంచీ హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. వర్క్‌షాపు ఉచితమే అయినా బస్సు చార్జీతో పాటు, వార్తకు ఇంత అని తీసుకునే కంట్రిబ్యూటర్‌కు ఆ రోజు పోయే సంపాదననూ లెక్క వేసుకోవాలి. విలేకరుల కోసం గూగుల్ నడిపే గూగుల్ న్యూస్ ఇనిషియేటివ్ ఆన్‌లైన్ పాఠాలకు రుసుము లేదు.

శ్రమ: ఆన్‌లైన్ కోర్సును మధ్యలో వదిలేసినా అడిగేవారుండరు.

నేర్పు: అసలు తేడా ఇక్కడే ఉంది. నాగార్జునసాగర్ 26 గేట్లూ ఎత్తారంటూ ఒక వీడియో వాట్సాప్‌లో వచ్చిందనుకుందాం. అందులోంచి ఫ్రేములు తీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (ఆ బొమ్మ ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో చూపే సెర్చ్) వెతకడం పాఠం చూసి నేర్చుకోవచ్చు. కానీ జలాశయం పూర్తి మట్టం 590 అడుగులనీ, నీరు 546 అడుగుల క్రెస్ట్‌కు (గేట్ల అడుగు మట్టానికి) దిగువన ఉంటే గేట్లు ఎత్తినా చుక్క పారదనీ, కనుక ముందుగా ఆ రోజు మట్టం చూడాలనీ చెప్పేది వర్క్‌షాపులో పక్క కుర్చీలోని నల్గొండ విలేకరే.

రిస్కు: ఉపన్యాసాలు, సన్మానాలతోనే పొద్దుపోయే వర్క్‌షాపులకు మన దగ్గర కొదవ లేదు, ల్యాప్‌టాప్ తెచ్చుకోమని చెప్పని చోటికి వెళ్లకపోవడమే మంచిది. ఆన్‌లైన్ పాఠాలు పాతబడతాయి: మెటా సంస్థ 2024 ఆగస్టులో మూసేసిన క్రౌడ్‌టాంగిల్ (సోషల్ మీడియాలో ఏ పోస్టు ఎంత వ్యాపిస్తోందో చూపిన పరికరం) గురించిన పాఠం ఇప్పుడు పనికిరాదు.

డెస్కులో పనిచేస్తూ, ఒకే పరికరం నేర్చుకోవలసినవారికి ఆన్‌లైన్ కోర్సు చాలు. మండలంలో ఒంటరిగా పనిచేస్తూ, అనుమానం వస్తే ఫోన్ చేసి అడిగే మనిషి లేనివారు మాత్రం ఒక రోజు సంపాదన వదులుకునైనా వర్క్‌షాపుకే వెళ్లాలి.