చెన్నైకి ఏది మేలు: పెద్ద కాలువలా, చెరువులా?

2021 నవంబర్‌లో తిరుపతి మునిగినప్పుడు మా ఇంట్లోకి నీళ్లు గడప దాటి రాలేదు. బాత్‌రూమ్ తూములోంచి బుడబుడమంటూ పైకొచ్చాయి. వీధి కాలువ అప్పటికే నిండిపోయింది, ఇక ఇంటి నీళ్లు ఎటు పోతాయి? చెన్నైలో ఉండే మా చెల్లెలు "పెద్ద కాలువలు కడుతున్నారన్నా, ఇంక టెన్షన్ లేదు" అన్నప్పుడల్లా నాకు ఆ తూమే గుర్తొస్తుంది.

చెన్నైకి వీధి కాలువ సముద్రమే. తుపానుకు అలలు పొంగి, పోటు కూడా తోడైతే కూవం, అడయారు నదుల నీళ్లు సముద్రంలో కలవలేక నిలబడిపోతాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకి అదే జరిగింది. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఈ బాధ ఎక్కువయ్యేదే. కాలువలు వద్దనను, మామూలు వానకు అవే దిక్కు. తుపానుకు మాత్రం చాలవు.

అందుకే నా ఓటు చెరువుకి. వాన నీటిని కాసేపు ఆపి, సముద్రం తగ్గాక మెల్లగా వదులుతుంది. కానీ అంచుదాకా నిండిన చెరువు వరదకు అడ్డం కాదు, ఇంకో వరద. 2015 డిసెంబర్ 1న చెన్నై శివార్లలోని చెంబరంబాకం చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల దాకా అడయారులోకి వదలాల్సి వచ్చింది. మా రాయలచెరువు కూడా 2021లో అలాగే నిండి, కట్టలోంచి నీళ్లు కారుతుంటే కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మరవ (అలుగు) పారితే పసుపు కుంకుమలు వేసే వాళ్లం, ఆ వారం కట్ట వైపు చూడాలంటేనే భయమేసింది.

పోనీ ముందే ఖాళీ చేద్దామా అంటే, 2019లో చెన్నై చెరువులు ఎండి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్నారు. మన కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీళ్లు తీసుకెళ్లే తెలుగుగంగ కాలువ ఉన్నా ఆ కష్టం తప్పలేదు. ఒక్క చెరువే అటు దాహం తీర్చాలి, ఇటు వరదకు చోటివ్వాలి.

ఇక్కడే సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లు పనికొస్తాయి. 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో పెట్టారు, ఒక్కోటి రోజుకు 10 కోట్ల లీటర్లది. కరెంటు బాగా తాగుతాయి. అయినా తాగునీటికి ఆ ధీమా ఉంటే, పెద్ద వానలకు ముందు అక్టోబర్‌లో చెరువును కాస్త దించి ఉంచడానికి అధికారులకు ధైర్యం వస్తుంది. ఆ కరెంటు ఖర్చులో కొంత నేనైతే వరద పద్దులోనే రాస్తాను.

ఇదంతా చెబితే చెల్లెలు నవ్వింది. వాళ్లది వేళచ్చేరి. "చెరువును దించడం సరే అన్నా, దాని చుట్టూ లేచిన ఇళ్లనేం చేస్తారు? మేమూ వాటిల్లోనే ఉన్నాం" అంది.