ఆటో టాప్ ఆఫ్: నీళ్లు పోయడం కన్నా ఆపడమే ముఖ్యం

నా సముద్రపు నీటి అక్వేరియం ట్యాంకు, కింద సంప్‌తో (ట్యాంకు నీళ్లు దిగి వడకట్టుకుని మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి) కలిపి వంద లీటర్లు. దానికి ఆటో టాప్ ఆఫ్, అంటే ఆవిరై తగ్గిన నీళ్లను తనంతట తానే నింపే ఏర్పాటు, పెట్టి ఏళ్లు గడిచాయి. మొదట నీటిమట్టం చూడడానికి ఫ్లోట్ స్విచ్ ఒక్కటే ఉన్న సెట్ వాడాను. ఇప్పుడున్నదాంట్లో కాంతితో మట్టం చూసే ఆప్టికల్ సెన్సర్, దానికి కాస్త పైన రక్షణగా ఫ్లోట్ స్విచ్, చిన్న డీసీ పంపు ఉన్నాయి. పక్కన మూతపెట్టిన ఆర్వో నీళ్ల డబ్బా. పగడాలు పెంచేవాళ్లు ఫిల్టర్, లైటు తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు ఇదేనని నా గట్టి అభిప్రాయం. కానీ ఏది పడితే అది కొనకూడదు.

ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న వంద లీటర్లలో ఐదు లీటర్లు తగ్గాయంటే, మిగిలిన నీళ్లలో ఉప్పు లీటరుకు దాదాపు 36.8 గ్రాములు అవుతుంది. ఎండాకాలంలో ట్యాంకు చల్లబడాలని ఫ్యాను పెడితే రెండు మూడు రోజుల్లోనే అంత తగ్గిపోవచ్చు. అప్పుడు మగ్గుతో గబగబా పోస్తే ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది. పగడాలకు, రొయ్యలకు ఈ ఊగిసలాట అసలు పడదు. అదే నీళ్లను ఆటో టాప్ ఆఫ్ రోజంతా కొంచెం కొంచెంగా పోస్తుంది. ఇది పెట్టాక ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో ఎప్పుడు చూసినా గీత 1.025 (మంచినీళ్లతో పోల్చిన సాంద్రత) దగ్గరే ఉంటోంది. ఊరెళ్లేటప్పుడు టెన్షన్ బాగా తగ్గింది.

పోయడం ఏ పంపైనా చేస్తుంది. ఎప్పుడు ఆపాలో తెలియడంలోనే మంచి సెట్‌కీ నాసిరకానికీ తేడా. ఫ్లోట్ స్విచ్‌లో నీళ్లతో పాటు లేచి దిగే ముక్క లోపల అయస్కాంతం ఉంటుంది. అది మధ్య కాడలో ఉన్న రీడ్ స్విచ్‌ను (అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే చిన్న స్విచ్) కలుపుతూ విడదీస్తూ ఉంటుంది. సూటిగా పనిచేసే ఏర్పాటే, కాకపోతే కదిలే భాగం కాబట్టి ఉప్పు పేరుకుంటే బిగుసుకుపోతుంది. నా మొదటి సెట్‌లో ఒక నత్త దాని మీదెక్కి కూర్చుంది. ఫ్లోట్ పైకి లేవలేదు, నీళ్లు తక్కువున్నాయనుకుని పంపు నడుస్తూనే ఉంది. ఆప్టికల్ సెన్సర్‌లో కదిలేదేమీ లేదు. చుట్టూ గాలి ఉంటే దాని లోపలి ఇన్‌ఫ్రారెడ్ కాంతి కొసను తాకి వెనక్కి వస్తుంది, నీళ్లుంటే బయటికి పోతుంది. ఆ తేడాతోనే మట్టం తెలుస్తుంది. దీని బాధలు దీనికున్నాయి. నాచు పొర పడితే నీళ్లున్నాయనుకుని పంపు వేయకపోవచ్చు. గాలి బుడగలు అంటుకుంటే లేవనుకుని వేస్తూ పోవచ్చు. అందుకే రెండు రకాలూ కలిసి ఉన్న సెట్టే తీసుకోండి. ఒకటి మోసం చేసిన కారణానికే రెండోదీ మోసం చేయడం అరుదు.

వీటితో పాటు టైమర్ కూడా ఉండాలి. పంపు మామూలు కన్నా ఎక్కువసేపు నడిస్తే తనంతట తానే ఆగి బీప్ కొట్టాలి.

ఇవన్నీ విఫలమైనా కాపాడేది డబ్బా సైజు. దీని గురించి అమ్మేవాళ్లు పెద్దగా చెప్పరు. పెద్ద డబ్బా పెడితే మాటిమాటికీ నింపే పని ఉండదని అనిపిస్తుంది. కానీ నా ట్యాంకులోకి 40 లీటర్ల డబ్బా మొత్తం వెళ్లిపోతే, నీళ్లు పొర్లకపోయినా ఉప్పు లీటరుకు 25 గ్రాములకు పడిపోతుంది. పది లీటర్లదైతే 31.8 దగ్గర ఆగుతుంది. అది మంచిదని కాదు, తేరుకునే అవకాశం మాత్రం ఉంటుంది. ఆ పది లీటర్లు పట్టేంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉంచుతాను.

పైపు కొస కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. అది డబ్బాలోని నీటిమట్టం కన్నా కిందికి ఉంటే, పంపు ఆగినా సైఫన్ కట్టి, అంటే పైపులోంచి నీళ్లు వాటంతటవే కిందికి జారుతూ, వస్తూనే ఉంటాయి. సెన్సర్లు దాన్ని ఆపలేవు. కొసను మట్టానికి పైన, నీళ్లకు తగలకుండా గాలిలో బిగించాలి. ఇక సెన్సర్ పెట్టాల్సింది సంప్‌లో రిటర్న్ పంపు (నీళ్లను తిరిగి పై ట్యాంకుకు పంపేది) ఉన్న గదిలోనే. ఆవిరైన నీళ్ల లోటు కనిపించేది అక్కడే.

పని పెద్దగా ఉండదు. నీళ్లు మార్చే రోజు ముందుగా దీని ప్లగ్ తీసేస్తాను, లేకపోతే మనం తోడుతుంటే అది నింపుతుంటుంది. అప్పుడే సెన్సర్ తుడుస్తాను, తెల్లటి సున్నం పట్టి ఉంటే కాసేపు వెనిగర్‌లో నానబెట్టి కడుగుతాను. నా సెట్‌లో నచ్చనిది ఒకటే, డబ్బా ఖాళీ అవబోతోందని ముందుగా చెప్పదు. పంపు నీళ్లు లేకుండా తిరిగితే పాడవుతుంది కాబట్టి డబ్బా మట్టం నేనే చూసుకోవాలి. మీరు కొనేదాంట్లో ఆ హెచ్చరిక ఉందో లేదో అడగండి.

మంచినీటి చేపల ట్యాంకుకు మూత ఉంటే ఇది అక్కర్లేదు. మూతలేని మొక్కల ట్యాంకులకు మాత్రం పనికొస్తుంది, డబ్బాలో కుళాయి నీళ్లు కాకుండా ఆర్వో నీళ్లు పోస్తేనే. కుళాయి నీళ్లలోని లవణాలు ఆవిరి కావు కాబట్టి, పోసిన కొద్దీ ట్యాంకు నీళ్ల కాఠిన్యం పెరుగుతూ పోతుంది.