కార్లో పాటలకి పాత ఫోన్: పెన్‌డ్రైవ్ కన్నా చాలా నయం, ఎండతోనే పేచీ

డ్రాయర్లో ఊరికే పడున్న రెడ్‌మీ నోట్ 4ని కార్లో పర్మనెంటుగా పాటల ప్లేయర్ చేసేశాను, ఒక వేసవి ఒక వానాకాలం రెండూ చూసేసింది కాబట్టి ఇప్పుడు రివ్యూ రాయొచ్చు అనిపించింది. కారు పాత ఆల్టో, స్టీరియో బయట షాపులో వేయించింది, టచ్ స్క్రీన్ లేదు, ఫోన్‌లోవి కారు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో ఊసే లేదు, ముందు ఒక ఆక్స్ (ఫోన్ నుంచి వైరుతో పాట అందుకునే గుండ్రటి సాకెట్), ఒక యూఎస్‌బీ ఉన్నాయి అంతే. కొత్త కారు, పెద్ద స్క్రీను ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, మీకిది అక్కర్లేదు.

ఈ ఫోనే ఎందుకంటే 2017లో వచ్చింది, అప్పటికింకా ఆక్స్ వైరు గుచ్చడానికి 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్, మెమరీ కార్డ్ స్లాట్ రెండూ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు నా జేబులో ఉన్నదానికి రెండూ లేవు, రేటు మాత్రం మూడింతలు! దీంట్లో రెండో సిమ్ పెడితే కార్డ్ పట్టదు అని అప్పట్లో తిట్టుకునేవాళ్లం, ఇప్పుడు అసలు సిమ్మే లేదు కాబట్టి ఆ గోల లేదు. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, లాక్ తీసేసి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వేశాను. ఫ్రీగా వస్తుంది, యాడ్స్ ఉండవు, ఫోల్డర్ల ప్రకారం ప్లే చేస్తుంది, ఇంతకన్నా ఏం కావాలి. మంచి క్వాలిటీ ఉండే 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే ఐదు నిమిషాల పాట 12 ఎంబీ అవుతుంది, 64 జీబీ కార్డులో ఐదు వేల పాటల దాకా పడతాయి, అన్ని పాటలు నా దగ్గర లేనే లేవు.

పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే పోలా అని మావాళ్లు అడిగారు. చాలా ఏళ్లు అదే వాడాను. ఆ స్టీరియోకి ఫైల్స్ దాచే పాత పద్ధతి ఫ్యాట్32 ఫార్మాట్ తప్ప ఇంకోటి తెలీదు, పెద్ద పెన్‌డ్రైవ్ పెడితే ఫైల్సే లేవంటుంది, తెలుగులో పేరు పెట్టిన పాటలన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి, నాన్న ఎక్కి ఘంటసాల పద్యాలు పెట్టరా అంటే ఆ ఫోల్డర్ వచ్చేదాకా నెక్స్ట్ నెక్స్ట్ నొక్కుతూ ఉండాలి. ఫోన్లో అయితే ఆయనే పక్క సీట్లో కూర్చుని వేలితో వెతుక్కుంటారు, తెలుగు పేర్లు శుభ్రంగా కనిపిస్తాయి.

మెయిన్ ఫోన్లో స్ట్రీమింగ్ పెట్టుకుంటే సరిపోదా అంటారా, సిటీలో సరిపోతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లండి, మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి నల్లమలలోకి దిగాక సిగ్నల్ వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు, పాట చరణం మధ్యలో ఆగి గుండ్రంగా తిరుగుతా ఉంటుంది, డ్రైవింగ్ చేస్తూ అది చూస్తే మహా చిరాకు. ఆ ఘాట్ మొత్తం కార్డులో పాటలే దిక్కు. ఇంకోటేంటంటే మెయిన్ ఫోన్ మ్యాప్స్‌కి, కాల్స్‌కి ఖాళీగా ఉంటుంది, ఓటీపీలు డెలివరీ కాల్స్ వచ్చినప్పుడల్లా పాట ఆగదు. దీన్లోనే ఒక మైనస్ కూడా ఉంది, మ్యాప్స్ ఆవిడ మలుపు చెప్పేటప్పుడు పాట తనంతట తాను తగ్గదు, మనమే తగ్గించాలి.

సౌండ్ విషయానికొస్తే మొదట విసుగొచ్చింది. ఛార్జర్ పెట్టి ఆక్స్ కూడా పెడితే చెవి దగ్గర దోమ తిరిగినట్టు ఒక సన్నటి కూత, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అదీ పెరుగుతుంది. ఛార్జింగ్ వైరు పీకేస్తే టక్కున పోతుంది. అలా పోయిందంటే అది గ్రౌండ్ లూప్ అన్నట్టే, ఫోన్ గ్రౌండ్, అంటే నెగటివ్ వైరు, ఛార్జర్ దారిలో ఒకసారి ఆక్స్ దారిలో ఇంకోసారి కారుకి కలుస్తుంది, ఇంజన్‌తో తిరుగుతూ కారుకి కరెంట్ ఇచ్చే ఆల్టర్నేటర్ గోల అంతా ఆ చుట్టులో దూరి స్పీకర్లలోకి వస్తుంది. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని వేలెడంత డబ్బా దొరుకుతుంది, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి, సౌండ్‌ని పంపిస్తాయి గానీ వైరుకి వైరు తగలనివ్వవు. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి, లేకపోతే ఆన్‌లైన్లో ఉంటుంది, మరీ ఖరీదైనది కాదు. మధ్యలో అది పెట్టాక కూత పూర్తిగా పోయింది. బేస్ ఒక పిసరు తగ్గిందేమో అని నాకు అనుమానం, ఆల్టో స్పీకర్లలో బేస్ గురించి మాట్లాడుకోవడమే కామెడీ లెండి. ఫోన్ వాల్యూమ్ ఎనభై శాతం పైన పెట్టి స్టీరియోలో తగ్గించుకోండి, ఫోన్లో తక్కువ, స్టీరియోలో ఎక్కువ పెడితే సుయ్‌మనే శబ్దమే ఎక్కువ వినిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం మాక్రోడ్రాయిడ్ యాప్. కారు ఆపితే స్టీరియో ఆగుతుంది గానీ ఫోన్‌కి ఆ సంగతి తెలీదు కదా, ఎవరూ వినకపోయినా బ్యాటరీ అయిపోయేదాకా పాడుతూనే ఉంటుంది. ఈ యాప్‌లో ఛార్జర్ నుంచి కరెంట్ వస్తే ప్లే, పోతే పాజ్ అని రెండు ముక్కలు సెట్ చేస్తే చాలు. ఇప్పుడు తాళం తిప్పగానే నిన్న ఆగిన చోటి నుంచే పాట అందుకుంటుంది, ఫోన్ ముట్టుకోవాల్సిన పనే లేదు. డ్రైవ్ చేస్తూ చేత్తో పట్టుకుంటే ఎలాగూ కేసే, 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్‌లో వెయ్యి నుంచి ఐదు వేల దాకా ఫైన్ ఉంది, పాటల కోసం పట్టుకున్నానంటే ఎవరు వింటారు.

ఇక ఎండ. దీని గురించి మాత్రం సీరియస్‌గానే చెప్తున్నా. మే నెలలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల అరవై డిగ్రీలు దాటడం పెద్ద విషయమేం కాదు, డ్యాష్‌బోర్డ్ మీద ఇంకా ఎక్కువ, లిథియం బ్యాటరీకి ఆ వేడి అస్సలు పడదు, పైగా ఇవి ఏళ్ల నాటి బ్యాటరీలు. అద్దానికి అతికించే హోల్డర్లు వద్దు, నేను గేర్ దగ్గరున్న గూట్లో పెడతాను, వేసవిలో ఎక్కువసేపు పార్క్ చేస్తే తీసి బ్యాగులో వేసుకెళ్తాను, కార్లోనే ఉంటుందన్న సుఖం ఆ రెండు మూడు నెలలు ఉండదు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత కొంచెం పైకి లేచినట్టు కనబడినా, స్క్రీన్ పక్కన సందు వచ్చినా ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకి ఇచ్చేయండి.

ఫోన్ ఊరికే వచ్చింది, కార్డు, కేబుల్, ఐసోలేటర్ అన్నీ కలిపినా కొత్త టచ్ స్క్రీన్ స్టీరియో రేటులో మూలకి రాదు. నేనైతే ఐదుకి నాలుగిస్తా, ఆ ఒకటి ఎండకి కోత. కాకపోతే దీనికోసమని సెకండ్ హ్యాండ్ ఫోన్ మాత్రం కొనకండి, ఆ బ్యాటరీ ఎన్ని ఎండలు చూసిందో ఎవరికి తెలుసు, ఇంట్లో పాత ఫోన్ లేకపోతే ఆ పెన్‌డ్రైవ్‌తోనే కానిచ్చేయండి.