ఏకస్ఫటికమా, పొడా: అకర్బన రసాయన పరిశోధకుల ముందున్న రెండు దారులు

తాను తయారుచేసిన పదార్థంలో పరమాణువులు ఎలా అమరి ఉన్నాయో తేల్చుకోవాలనుకునే అకర్బన రసాయన పరిశోధకులకు ఎక్స్‌రే వివర్తనంలో (పదార్థం మీద పడిన ఎక్స్‌రేలు ఏ దిక్కుల్లోకి ఎంత చెదిరాయో చూసి అమరికను లెక్కగట్టే పద్ధతిలో) రెండు దారులున్నాయి: ఒక్క స్ఫటికం మీద పనిచేయడం, లేదా పొడి మీద పనిచేయడం.

మొదటిదానిలో దొరికే స్పష్టతకు సాటి లేదు. కోబాల్టు ఉన్న విటమిన్ బీ12 నిర్మాణాన్ని డొరొతీ హాడ్జ్‌కిన్ 1956 నాటికి తేల్చింది ఈ పద్ధతితోనే. 1964లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. అయితే ముందు స్ఫటికం పెరగాలి కదా! ద్రావణిని నిదానంగా ఆవిరి కానిస్తూ, సీసాను కదల్చకుండా వారాల తరబడి కాచుకున్నా, చివరకు మిగిలేవి ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన జంట స్ఫటికాలు కావచ్చు. మిల్లీమీటరులో పదో వంతు ఉండే మంచి ముక్కను సూక్ష్మదర్శిని కింద ధ్రువిత కాంతిలో తిప్పి చూసి, నూనె చుక్కతో సన్నని లూప్ కొనకు ఎత్తడం చేతికి అలవడవలసిన విద్య.

పొడికి ఈ శ్రమ లేదు. కొలిమిలో కాల్చిన ఆక్సైడును కల్వంలో నూరితే చాలు. కానీ మూడు దిక్కుల్లో విడివిడిగా ఉండవలసిన సమాచారం ఒకే రేఖ మీద ఒకదానిపై ఒకటి పడుతుంది. చెదిరిన కిరణాల తీవ్రతను చూపే పటంలోని శిఖరాలను విడదీయకుండా మొత్తం పటాన్నే లెక్కతో సరిపోల్చే పద్ధతిని 1969లో హ్యూగో రీట్‌వెల్డ్ ప్రకటించడంతో ఈ చిక్కు చాలావరకు తీరింది. 1987లో ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడు అనే అతివాహకంలో (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా విద్యుత్తును ప్రవహింపజేసే పదార్థంలో) ఆక్సిజన్ స్థానాలను తేల్చడంలో పొడిపై ఎక్స్‌రేలకు బదులు న్యూట్రాన్లను పంపే న్యూట్రాన్ వివర్తనమే కీలకమైంది, ఎందుకంటే బరువైన బేరియం పక్కన తేలికైన ఆక్సిజన్ ఎక్స్‌రేలకు సరిగా ఆనదు.

లోహ సంశ్లిష్టాలు (లోహ పరమాణువు చుట్టూ ఇతర అణువులు లేదా అయాన్లు అతుక్కున్న సమ్మేళనాలు) చేసేవారు మొదటిదానితో, బ్యాటరీ పదార్థాల వైపు వెళ్లేవారు రెండవదానితో వృత్తి ప్రారంభించడం మేలని నా అభిప్రాయం.