‘ఏడు రోజుల డీటాక్స్ కిట్’ ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

"వారంలో ఒళ్లంతా క్లీన్, ఐదు కిలోలు తగ్గుతారు" అనే ప్రకటన మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. దాన్ని చూసి ‘డీటాక్స్’ (ఒంట్లోని విషాలను బయటికి పంపుతామనే) కిట్ కొనాలనుకునేవాళ్లు, ముఖ్యంగా షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు, దయచేసి కాసేపు ఆగండి. ఇలాంటి కిట్ వాడి మా అక్క ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకోవాల్సి వచ్చింది.

అక్క కొన్న కిట్‌లో ఉన్నవి ఇవి: రాత్రి తాగడానికి హెర్బల్ టీ ప్యాకెట్లు, పొద్దున నీళ్లలో కలుపుకోవడానికి ఒక పొడి, ఒక డైట్ చార్టు. అన్నం, చపాతీ బంద్. ధర నాలుగు వేల పైమాటే. అక్కకు యాభై దాటాయి. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వేసుకుంటుంది, బీపీకీ మాత్ర ఉంది. ఈ సంగతి కొనేముందే కిట్ అమ్మేవాళ్ల ‘హెల్త్ కోచ్’కు చెప్పింది. "అంతా న్యాచురల్ మేడం, ఏం కాదు" అన్నాడు.

టీ మొదలుపెట్టగానే విరేచనాలు పట్టుకున్నాయి. కడుపులో మెలిపెట్టడం, పిక్కలు పట్టేయడం, నిలబడితే కళ్లు తిరగడం. ఫోన్ చేస్తే, "అవి టాక్సిన్లు బయటికి పోతున్న లక్షణాలు మేడం, మధ్యలో ఆపితే మళ్లీ లోపలే ఉండిపోతాయి" అని జవాబు. అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది ఈ మాటకే. నీరసమొచ్చినా, తలనొప్పి వచ్చినా, వాంతులైనా మందు పనిచేస్తోందనే చెబుతారు. ఒంట్లో బాగోలేదని శరీరం చెబుతుంటే, దాన్ని వినొద్దని చెప్పే మాట అది. అక్క కూడా ఆ మాట నమ్మే ఓర్చుకుంది. ఒకరోజు తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. షుగర్ బాగా పడిపోయింది, రక్తంలో పొటాషియం అనే లవణం కూడా తగ్గింది.

డాక్టరుగారు ప్యాకెట్ వెనక సన్న అక్షరాలు చదివి చూపించారు: కాసియా అంగుస్టిఫోలియా. అంటే సునాముఖి ఆకు, సెన్నా. మలబద్ధకానికి కొద్దిరోజులు వాడే విరేచనకారి. అది పనిచేసేది పెద్దపేగు మీద. తిన్న తిండిలోని కేలరీలు అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేస్తాయి. కాబట్టి దానివల్ల బయటికి పోయేది కొవ్వు కాదు. నీళ్లు, లవణాలు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర వాడేవాళ్లలో పొటాషియం అసలే తగ్గే వీలుంది, పైన విరేచనాలు కూడా తోడైతే గుండె లయ తప్పొచ్చు. గ్లిమెపిరైడ్ సంగతి ఇంకోటి. మనం తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. అది వేసుకుని కడుపు మాడ్చుకుంటే షుగర్ పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లు తిండి మానేస్తే కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) అనే ప్రమాదం ఉంది, అందులో షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే పరిస్థితి విషమించవచ్చు.

ఇలాంటి డైట్ వల్ల లాభమే లేదా అంటే, కొంత ఉంది. ఆ వారం బజ్జీలు, స్వీట్లు, కూల్‌డ్రింకులు, మద్యం మానేస్తారు, ఉప్పు తగ్గుతుంది. పొట్ట ఉబ్బరం తగ్గి ఒళ్లు తేలికనిపించడం నిజమే. కానీ ఆ ఫలితం మానేసినవాటి వల్ల వచ్చింది, పొడి వల్ల కాదు. ఒంట్లోని వ్యర్థాలను కాలేయం, కిడ్నీలు రోజూ చూసుకుంటూనే ఉంటాయి. తగ్గిన బరువులో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజన్ అనే నిల్వ చక్కెర ఖర్చయినప్పుడు ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు పోతుంది. మళ్లీ అన్నం తినగానే తిరిగొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఏకాదశికి ఉపవాసం ఉండటంలో తప్పేమీ లేదు, దానికి నాలుగు వేల కిట్ అక్కర్లేదు. ఆయుర్వేదంలోని పంచకర్మ చికిత్సలో విరేచనం ఉంది కదా అని అమ్మేవాళ్లు వాదిస్తారు. అది వైద్యుడు మనిషిని చూసి, ముందు సిద్ధం చేసి, తర్వాత పథ్యం పెట్టి చేయించే చికిత్స. కొరియర్‌లో వచ్చేది కాదు.

అక్క చార్టులో పొద్దున్నే సొరకాయ రసం ఉంది, ‘చేదుగా ఉన్నా తాగాలి’ అని పక్కన రాశారు. ఇది ఎంత ప్రమాదమో చాలామందికి తెలియదు. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలుంటాయి. ఆ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ దీనిమీద ప్రత్యేకంగా హెచ్చరించింది. ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదు తగిలితే కాయ పారేయండి.

డబ్బు సంగతికొస్తే, "ప్యాకెట్ విప్పారు కాబట్టి రిఫండ్ లేదు" అని కిట్ అమ్మినవాళ్లు అన్నారు, తర్వాత నంబర్ బ్లాక్ చేశారు. అందుకే కోచ్ పంపిన మెసేజ్‌లు, పేమెంట్ రసీదు, లేబుల్ ఫొటో ముందే దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఐదు లక్షల లోపు కొనుగోలైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండా కేసు వేయొచ్చు. షుగర్, ఊబకాయం నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ ఉన్నంత మాత్రాన దానిమీద చెప్పినవన్నీ ఎవరో పరీక్షించి ఒప్పుకున్నారని కాదు. పదార్థాల పేర్లే లేని పొడులు అసలు ముట్టుకోవద్దు. గుండెకు ముప్పని మన దేశంలో 2011లో నిషేధించిన సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు, ‘హెర్బల్’ పేరుతో అమ్మే బరువు తగ్గించే మందుల్లో పలు దేశాల్లో బయటపడింది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు, పిల్లలు, పెద్దవయసువాళ్లు వీటి జోలికి పోవద్దు. ఇప్పటికే మొదలుపెట్టి విరేచనాలు, కళ్లు తిరగడం ఉంటే ఈరోజే ఆపేసి, ఓఆర్ఎస్ తాగి, ఆ ప్యాకెట్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగర్ మందు వాడేవాళ్లకు చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.