బుల్లెట్ బ్లాకు బోరింగ్‌కి ఇచ్చేవాళ్లు జాగ్రత్త: ఇరవై చెబితే అరవై కోసేశారు

ఇప్పుడే బరంపురం నుంచి వచ్చి బస్సు దిగాను. ఒళ్లు మండిపోతోంది. పర్లాకిమిడి, గుణుపురం, పాతపట్నం వైపు పాత బుల్లెట్లు ఉన్నవాళ్లు నేను ఏ లేత్ షాపు గురించి రాస్తున్నానో ఇట్టే పోల్చుకుంటారు. పేరు రాయను.

బండి మా నాన్నది, 1978లో కొన్న 350. ఏళ్ల తరబడి పాకలో పడి ఉంటే ఈ వేసవిలో బాగు చేయిద్దామని దించాను. హెడ్ విప్పితే బోరు, అంటే బ్లాకులో పిస్టన్ ఆడే గొట్టం, దాని పైఅంచు దగ్గర, రింగు వచ్చి ఆగే చోట, గోరు తగిలేంత మెట్టు పడి ఉంది. మా మెకానిక్ కొలిచి, లోగోడని ఇరవై సైజుకి కోసి వెడల్పు చేస్తే (అదే బోరింగ్) శుభ్రంగా వచ్చేస్తుందన్నాడు. షాపులో ఆ మాట రెండుసార్లు చెప్పాను. పిస్టన్ సెట్టు కూడా మేమే వేస్తామంటే సరేనన్నాను. నేను చేసిన తప్పు అదే.

బిగించాక నెమ్మదిగానే నడుపుతున్నాను. కాశీనగర్ దాటాక ఇంజన్ పట్టేసి వెనక చక్రం జారింది. క్లచ్ పట్టుకోబట్టి పడలేదు. విప్పితే పిస్టన్‌కి రెండు పక్కలా నిలువు గీతలు, బోరుకి అంటుకుపోయిన అల్యూమినియం. పిస్టన్‌కీ బోరుకీ మధ్య గ్యాప్ చాలలేదు. అంతవరకైతే ఓర్చుకునేవాణ్ణి. పిస్టన్ నెత్తి మీది మసిని గుడ్డతో తుడిస్తే కింద అంకె కనబడింది. 060.

ఈ బండి బ్లాకు పోత ఇనుముది, అసలు బోరు 70 మిల్లీమీటర్లు. ఇరవై అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, అంటే అర మిల్లీమీటరు. నలభై అంటే ఒకటి, అరవై అంటే ఒకటిన్నర. ఇరవైకి కోస్తే ఇంకో రెండుసార్లు కోయించుకునే ఇనుము మిగిలేది. అదంతా ఒక్క పూటలో చిప్స్ కింద రాలిపోయింది.

పిస్టన్ తీసుకెళ్లి షాపాయన బల్ల మీద పెట్టాను. లేత్ కూడా ఆపలేదు. "ఇరవై సెట్టు లేదు బాబూ, ఉన్నది వేశాం. పెద్ద పిస్టన్ వేస్తే పికప్ ఎక్కువే కదా" అన్నాడు. నాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే నెల రోజులైనా ఆగేవాణ్ణి కదండీ అంటే, "పాతినప సామానుకి ఇంత గొడవేంటి" అని వెనక్కి తిరిగాడు. పనివాళ్ల ముందు. మా నాన్న నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బడికి దింపిన బండి అది. నోట మాట రాలేదు. ఇప్పటికీ ఆ మాటే చెవిలో మోగుతోంది.

బిల్లు చూపిద్దామంటే దాని మీద "బోరింగ్, పిస్టన్ సెట్" అని తప్ప సైజు లేదు. నేనూ చూసుకోలేదు.

పిస్టన్ ముందు మీరే కొనండి, నెత్తి మీద అంకె చదివి చేతికివ్వండి. పిస్టన్ కొలిచాకే బోరు కోయాలి. సైజు బిల్లు మీద రాయించుకోండి. తెచ్చుకునే ముందు బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, అడ్డంగా నిలువుగా మీ ఎదుటే కొలిపించండి.

నాకింక స్లీవ్, అంటే బోరు లోపల కొత్త గొట్టం, వేయించి మళ్లీ 70కి తెచ్చుకోవడమే మిగిలింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు స్లీవ్ నమ్మకంగా వేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, బ్లాకు నేనే మోసుకొస్తాను.