సరస్వతి ఆకు మొక్క ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు కాడ చూడండి

మిద్దెతోట మిత్రులారా, నాకు జరిగింది మీకు జరగకూడదని రాస్తున్నాను.

జూన్‌లో ఆన్‌లైన్‌లో సరస్వతి ఆకు మొక్కలు మూడు తెప్పించాను. కొరియర్‌తో కలిపి 340 రూపాయలు. ఫొటోలో ఉన్నది అచ్చం మా ఊరి కాలవగట్టు మీద పచ్చికలో పాకే మొక్కే. పేరు మాత్రం ‘బ్రాహ్మి’ అని రాశారు. అక్కడే ఆగి అడగాల్సింది. పిల్లలకు పచ్చడి చేసిపెట్టాలన్న ఆత్రంలో వదిలేశాను.

వచ్చిన మొక్కలు వాడిపోయి, ఒక్కోదానికి రెండేసి ఆకులతో ఉన్నాయి. కాస్త నీడపట్టున, తడి ఆరని తొట్టిలో నాటాను. రెండు నెలలకు తొట్టి నిండా గుండ్రటి ఆకులు. కోసి వంటింట్లోకి తీసుకెళ్తే మా అత్తయ్య ఒక ఆకు తిప్పి చూసి, "ఇది సరస్వతి ఆకు కాదమ్మా, కాడ నడిమధ్యలో ఉంది" అన్నారు.

నిజమే. సరస్వతి ఆకుకి ఒకవైపు లోతుగా చీలిక ఉంటుంది, కాడ అక్కడే అతుకుతుంది. నాకొచ్చిన దానికి గొడుగు కర్రలా ఆకు మధ్యలో అడుగున ఉంది. అది నీటితొట్లలో అందానికి పెంచే హైడ్రోకోటైల్. గుండ్రదనం, అంచున నొక్కులు రెండింటికీ ఉంటాయి. ఇంగ్లీషులో రెండింటినీ ‘పెన్నీవర్ట్’ అనే అంటారు.

అమ్మినవారిని అడిగితే "ఇదీ బ్రాహ్మిలో ఒక రకమే మేడమ్" అన్నారు. కాదు. ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల అధికారిక ప్రమాణ గ్రంథంలో, బ్రాహ్మి అంటే బకోపా మొన్నేరి, చిన్న మందపాటి ఆకులది. సరస్వతి ఆకు మండూకపర్ణి, అంటే సెంటెల్లా ఏసియాటికా. నాకు పంపింది ఈ రెండూ కాదు. 7 రోజుల గడువు దాటిందని డబ్బూ తిరిగివ్వలేదు. డబ్బు పోతే పోయింది, తినే ఆకని నమ్మి పసిపిల్లలకు పెట్టేవాళ్ల సంగతేమిటి?

కొనేముందు శాస్త్రీయ నామం రాసి పంపమనండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, కాడ ఆ రోజే చూడండి.

తర్వాత మా పిన్ని కోనసీమ నుంచి అసలు సరస్వతి ఆకు తీగముక్కలు పంపింది. గనుపు మట్టికి తగిలేలా అదిమితే వేళ్లు పట్టాయి. కోసేటప్పుడు తీగ లాగకండి, ముదురాకుల్ని కాడతో కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. మురుగుకాలవ పక్కన పెరిగింది మాత్రం తేవద్దు, నేలలోని భారలోహాలు ఆకుల్లోకి చేరతాయి.

ఆ పాత మొక్క పీకినా చిన్న ముక్క మిగిలితే చాలు, మళ్లీ లేస్తోంది. పక్క కుండీల్లోకీ పాకింది. అమ్మకం పేజీలో ఫొటో ఈరోజుకీ అదే ఉంది.